లారీ దిగాలనుకునే డ్రైవరుకు ఏ పని నప్పుతుంది?

"ఇక లారీ మానేస్తాను" అనని డ్రైవరు ఉండడు. తడ దాటాక అర్ధరాత్రి టైరు పేలితే ఒకసారి అంటాడు. ఓనరు బత్తాలో కోత పెడితే ఒకసారి, ఇంట్లో పండగ జరుగుతుంటే తాను ఒడిశాలో రిటర్న్ లోడు కోసం పడిగాపులు పడుతూ మరోసారి అంటాడు. మర్నాడు లోడు దొరకగానే ఆ మాట గాలికి పోతుంది. నేను రాస్తున్నది వారికోసం కాదు. నలభై దగ్గరపడి, షుగరో నడుమునొప్పో మొదలై, నిజంగానే వేరే పని వెతుక్కుంటున్నవారికోసం.

విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ట్రిప్పు లెక్కలు రాయడం నా పని. మానేసి స్థిరపడినవారిని చూశాను, మానేసి కొన్ని నెలలకే మళ్ళీ తాళం చెవి అడిగినవారినీ చూశాను. తిరిగి వచ్చినవారిలో ఎక్కువమంది కొత్త పనిలో జీతం ఎంతో కనుక్కుని వెళ్ళారు. లారీలో తమకు పడనిది ఏమిటో మాత్రం తేల్చుకోలేదు. రాత్రి నిద్ర లేక మానేసినవాడు విమానాశ్రయం క్యాబ్ ఎక్కాడు, మళ్ళీ రాత్రే. నడుము పోయి మానేసినవాడు జేసీబీ సీటులో కూర్చున్నాడు, కుదుపు రెట్టింపైంది. ఓనరు పోరు పడలేక మానేసినవాడు అప్పు చేసి బండి కొన్నాడు, ఓనరు స్థానంలో ఫైనాన్స్ వాడు వచ్చాడు.

అందుకని ముందు ఆ ప్రశ్న తేల్చుకోండి. మీకు పడనిది రాత్రి డ్రైవింగా, ఇంటికి దూరమా, ఓనరుతో లెక్కల తగాదానా, లేక స్టీరింగు పట్టే ఓపికే పోయిందా? కింద చెప్పే ప్రతి పనినీ ఈ నాలుగింటిలో దేన్ని తీరుస్తుంది, దేన్ని తీర్చదు అన్న కొలతతోనే చూస్తాను.

ఏసీ క్యాబిన్లు వస్తున్నాయి కదా, ఇంకొంతకాలం చూద్దాం అనేవారూ ఉన్నారు. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసిన మాట నిజమే. అది కొత్త బండ్లకు మాత్రమే. మీ ఓనరు పదేళ్ల నాటి బండి మార్చేదెప్పుడు? మార్చినా తగ్గేది ఎండ ఒక్కటే, మిగతావి ఎక్కడివక్కడే ఉంటాయి.

నెల జీతం మాయ

ట్రిప్పు ముగించుకుని వచ్చిన డ్రైవరు నా బల్ల ముందు కూర్చుని చొక్కా జేబులోంచి పాలిథీన్ కవరు తీస్తాడు. అందులో వేబ్రిడ్జి చీటీ, డీజిల్ బిల్లులు, పంక్చరు షాపు వాడు గ్రీజు వేళ్లతో రాసిన కాగితం, హమాలీ మామూలు చీటీ ఉంటాయి. బిల్లు లేని ఖర్చులు నోటితో చెబుతాడు. ఓనరు వాటిలో కొన్ని ఒప్పుకుంటాడు, కొన్ని కొట్టేస్తాడు. కొట్టేసినవన్నీ డ్రైవరు బత్తాలోంచే పోతాయి. అయినా బయట ఎవరైనా అడిగితే "నెలకు పాతిక వస్తుంది" అనే చెబుతాడు. పోలిక చెడేది అక్కడే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఊహించినవే, మీ అంకెలు మీరు పెట్టుకోండి. జీతం, బత్తా కలిపి నెలకు 25,000 అనుకుందాం. 26 రోజులు రోడ్డు మీద, రోజుకు నడిపేది, ఆగేది, లోడు దగ్గర కాపలా కాసేది కలిపి 14 గంటలు. మొత్తం 364 గంటలు, అంటే గంటకు 69 రూపాయలు. తిండికి, టీకి, స్నానానికి, ఫోనుకు రోజుకు 300 పోతే నెలకు 7,800 దారిలోనే ఖర్చవుతుంది. ఇంటికి చేరేది 17,200. అదే ఊళ్ళో స్కూలు బస్సుకు నెలకు 16,000 ఇస్తున్నారనుకోండి. 25 రోజులు, రోజుకు ఆరు గంటలు, మొత్తం 150 గంటలు. గంటకు 106 రూపాయల పైమాటే. ఇంటి భోజనం, ఇంట్లో పడక. ఇరవై అయిదుకూ పదహారుకూ మధ్య తొమ్మిది వేల తేడా ఉందని భయపడినవాడికి, ఇంటికి చేరే డబ్బులో తేడా పన్నెండు వందలే అని కాగితం మీద చూపిస్తే గానీ నమ్మకం కుదరదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఎప్పుడో రాసింది. ఆ మాట తలుచుకుని మా ఆఫీసులో నవ్వుకునేవాళ్ళం. పని మారేటప్పుడైనా ఆ కొలత బయటికి తీయండి. కొత్త యజమానిని జీతం ఎంత అని అడిగే ముందు గంటలు ఎన్ని అని అడగండి.

స్కూలు, కాలేజీ బస్సు

నలభై దాటి, పెళ్ళాం పిల్లలు ఊళ్ళోనే ఉన్న డ్రైవరుకు నా మొదటి ఓటు దీనికే. రాత్రి డ్యూటీ ఉండదు, రోజూ ఇంటికి చేరతారు, లెక్కల తగాదా ఉండదు. పొద్దున ఆరున్నరకు మొదలై తొమ్మిదింటికల్లా పిల్లల్ని దింపేస్తే మళ్ళీ మధ్యాహ్నం మూడుకు గానీ పని లేదు. ఆ మధ్యలో పొలం ఉన్నవాడు పొలం చూసుకుంటాడు, లేనివాడు ఎవరి కారో నడుపుతాడు. విద్యాసంస్థల బస్సుకు భారీ వాహనం నడిపిన ఐదేళ్ల అనుభవం అడుగుతారు. మీకు అది ఎప్పుడో దాటిపోయింది. అరవై దాటినవారిని మాత్రం తీసుకోరు.

చిక్కులు లేకపోలేదు. వేసవి సెలవుల జీతం మొదటిది. కొన్ని స్కూళ్ళు పది నెలలకే ఇస్తాయి, చేరేటప్పుడు ఆ సంగతి ఎత్తవు. మే నెల జీతం ఇస్తారా అని ముందే అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది కాబట్టి ఆ రోజుల్లో బండిని షెడ్డుకు తిప్పడం, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టడం మీ పనే అవుతుంది. ఆ పనికి డబ్బు ఇస్తారో లేదో కూడా అప్పుడే తేలాలి. ఖాళీ వేళల్లో మొక్కలకు నీళ్ళు పట్టించే యాజమాన్యాలు ఉన్నాయి. అది మీకు ఒప్పుదలయితే సరే.

రెండో చిక్కు మీ స్వభావం. సరుకు మాట్లాడదు, పిల్లలు నోరు మూయరు. వెనక యాభై మంది కేకలు వేస్తుంటే తల తిరిగేవాడు, మాట తూలేవాడు ఈ పనికి రాడు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. 20 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థ అయితే పీఎఫ్ ఉండాలి. పీఎఫ్‌తో కలిసివచ్చే పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి, ఆ పింఛను ఖాతాకు జమ 58 ఏళ్లకు ఆగిపోతుంది. లారీలో ఇంతకాలం పీఎఫ్ లేనివాడు 48 దాటాక చేరితే ఆ పింఛను ఇక అందనట్టే. కొత్తగా చేరేవారికి మూలవేతనం, డీఏ కలిపి 15,000 మించకూడదన్న షరతు కూడా ఉంది. చేతికొచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు, కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలే. కానీ డ్రైవరు చనిపోతే భార్యకు వచ్చేదీ అందులోంచే. ఈఎస్ఐ ఉంటే, అంటే జీతం 21,000 లోపు ఉండి సంస్థలో కనీసం పది మంది పనిచేస్తుంటే, ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. లారీ లైనులో షుగరు మాత్రలకు సొంత డబ్బు పెట్టుకుంటున్నవాడికి దీని విలువ తెలుస్తుంది.

నలభై అయిదు దాటినవారు నెలకు రెండు వేలు తక్కువైనా పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న చోటే చేరాలని నా గట్టి అభిప్రాయం.

ఆర్టీసీ ఆశ

చిన్న వయసువాడికి ఇంతకు మించిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2025లో వెయ్యి డ్రైవరు పోస్టులకు ప్రకటన వచ్చింది. జీతం స్కేలు 20,960 నుంచి 60,080 వరకు. అయితే పదో తరగతి ఉండాలి, ఎత్తు 160 సెంటీమీటర్లు ఉండాలి, వయసు 35 లోపు, రిజర్వేషన్ వర్గాలకు ఐదేళ్ల సడలింపు. అంటే ఈ తలుపు నలభైలో ఉన్నవాడికి దాదాపు మూసుకుపోయినట్టే. ముప్ఫైలో ఉండి లారీ నడుపుతున్న తమ్ముళ్ళు మాత్రం ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి ఉంచుకోవడం మంచిది. ప్రకటన వచ్చాక పుస్తకం తెరిస్తే అందదు.

"ఆర్టీసీలో చేరాను" అని చెప్పేవారిలో కొందరు నిజానికి అద్దె బస్సుల మీద ఉంటారు. బస్సు ప్రైవేటు వ్యక్తిది, డ్రైవరు అతని మనిషి, రంగు మాత్రం ఆర్టీసీది. నగరాల్లో తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల్లోనూ చాలావాటికి డ్రైవరు ఆ కంపెనీ మనిషే. ఆ జీతానికీ ఆర్టీసీ స్కేలుకూ సంబంధం లేదు. అయినా షిఫ్టు అయిపోతే ఇల్లు చేరవచ్చు, కాబట్టి లారీతో పోలిస్తే తీసివేయదగిన పని కాదు.

ప్రైవేటు ట్రావెల్స్ స్లీపర్ బస్సుల గురించి అడుగుతారు. లారీలో పడనిది రాత్రే అయితే అటు చూడవద్దు. అదే రాత్రి, అదే హైవే, వేగం ఎక్కువ, వెనక నలభై ప్రాణాలు.

కేసు భయంతో మానేసేవారికి ఇక్కడే ఒక మాట. 2024 జనవరి మొదట్లో కొత్త హిట్ అండ్ రన్ నిబంధన మీద సమ్మె జరిగి బంకుల ముందు క్యూలు కట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. పదేళ్ల దాకా జైలు అని రాసిన ఆ సెక్షన్, 106(2), ఐపీసీ స్థానంలో వచ్చిన మిగతా భారతీయ న్యాయ సంహితతో పాటు 2024 జులై 1న అమల్లోకి రాలేదు, పక్కన పెట్టారు. ఏది ఏమైనా, లారీ స్టీరింగు వదిలి బస్సు స్టీరింగు పట్టినంత మాత్రాన ఆ భయం పోదు. పోవాలంటే స్టీరింగే వదలాలి.

సొంత బండి మోజు

డ్రైవర్లు ఎక్కువగా కాలు జారేది ఇక్కడే కాబట్టి కాస్త నిలబడి మాట్లాడతాను.

సెకండ్ హ్యాండు లారీ కొని తానే ఓనరు, తానే డ్రైవరు కావడం లారీ మానడం కిందికి రాదు. రాత్రీ పోదు, దూరమూ పోదు. పైగా టైర్లు, ఇన్సూరెన్సు, పర్మిటు, ట్యాక్సు మీ మెడకు చుట్టుకుంటాయి. ఒక్క ఇంజను పని పడితే ఆరు నెలల మిగులు ఆటోనగర్ షెడ్డులో ఆవిరవుతుంది. కిస్తీ రెండు నెలలు తప్పితే బండిని లాక్కుపోవడానికి మనుషులు వస్తారు.

టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి చిన్న బండ్ల సంగతి వేరు. ఊళ్ళోనే తిరుగుడు, రాత్రికి ఇల్లు. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి మామూలు ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక వాహనాల) లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. దీన్ని చూసి సంబరపడకండి. మీ చేతిలోని హెవీ లైసెన్సుకు ఇక్కడ ప్రత్యేక విలువేమీ లేదని దాని అర్థం. ఇరవై ఏళ్ల కుర్రాడూ మీకు పోటీయే. అందుకే స్టాండులో వరసగా నిలబడిన ట్రాలీ ఆటోల్లో సగం మధ్యాహ్నం దాకా కదలవు.

నా సలహా ఒక్కటే: ముందు లోడు, తరవాత బండి. పాల డెయిరీ రూటు, గ్యాస్ ఏజెన్సీ, సిమెంటు డీలరు, రైతుబజారుకు రోజూ కూరగాయలు వేసే నలుగురు రైతులు, ఇలా నెల నెలా ఖాయంగా కిరాయి ఇచ్చే పని ఒకటి నోటిమాటగానైనా కుదిరాకే షోరూము మెట్లెక్కండి. అప్పటిదాకా ఎవరి బండో రోజుకూలికి తోలి, ఆ రూటులో డీజిలు ఎంత పోతుందో, డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తుందో చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి కొత్త బండి ధర కొంత తగ్గిన మాట వాస్తవం. ముద్ర రుణంలో కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా అడగవచ్చు. ప్రైవేటు ఫైనాన్స్ గడప తొక్కే ముందు మీ ఖాతా ఉన్న బ్యాంకులో ఒకసారి అడిగి చూడండి. మేనేజరు రెండుసార్లు తిప్పుతాడు, తిరగండి.

యాప్ క్యాబ్‌లకు కారు అప్పు మీద కొనడం మాత్రం నేను చెప్పను. కిస్తీ కట్టాలంటే రోజుకు పన్నెండు గంటలు నగరంలో తిరగాలి. లారీ డ్రైవరు ఒళ్ళు హైవేకు అలవాటుపడింది, హైదరాబాదు ట్రాఫిక్కు కాదు. ఎవరి కారైనా జీతానికి నడిపితే నడపండి.

జేసీబీ, ప్రొక్లెయిన్, గనులు

ఇంటికి దూరమే మీ బాధ అయితే, నడుము బాగుంటే, ఇది మంచి దారి. పల్లెల్లో ఏడాదిలో ఎక్కువ కాలం పని దొరుకుతుంది. వానాకాలం మందగిస్తుంది. లారీ తోలినంత మాత్రాన ప్రొక్లెయిన్ రాదు. ఎవరి దగ్గరో కొన్ని నెలలు హెల్పరుగా ఉండి లీవర్లు చేతికి అలవాటు చేసుకోవాలి. నలభై ఏళ్ల మనిషికి పాతికేళ్ల ఆపరేటరు కింద హెల్పరుగా ఉండడం కష్టంగానే ఉంటుంది. వరికోత యంత్రం నడిపేవారికి సీజనులో చేతినిండా డబ్బు, తరవాత ఖాళీ. రెండూ వచ్చినవాడు ఏడాది పొడవునా నెట్టుకురాగలడు.

సింగరేణి ప్రాంతంలో, గోదావరిఖని, మణుగూరు, కొత్తగూడెం వైపు, ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీలు భారీ టిప్పర్లకు లారీ డ్రైవర్లను తీసుకుంటాయి. ఎనిమిది గంటల షిఫ్టు. పని అయిందంటే అయినట్టే, లోడు కాపలా లేదు, పోలీసు లేడు, టోల్‌గేటు లేదు. దుమ్ము ఉంటుంది, మూడు వారాల్లో ఒక వారం రాత్రి షిఫ్టు ఉంటుంది. ఊపిరితిత్తులు బాగాలేనివారు వద్దు. కాంట్రాక్టు ముగిస్తే పనీ ముగుస్తుందని గుర్తుపెట్టుకోండి.

లారీ వదలకుండా లైను మార్చుకునే ఉపాయం కూడా ఒకటుంది: పెట్రోలు ట్యాంకరు. కొండపల్లి, చర్లపల్లి, విశాఖ డిపోల నుంచి చుట్టుపక్కల బంకులకు వెళ్ళే బండ్లు చాలావరకు అదే రోజు తిరిగి వస్తాయి. ప్రమాదకర సరుకుల లైసెన్సుకు మూడు రోజుల శిక్షణ తీసుకోవాలి, అది మూడేళ్లకోసారి రెన్యువల్. బీడీ, మందు అలవాటు ఉన్నవారికి డిపో గేటు దగ్గరే తేలిపోతుంది. దూరం ఒక్కటే మీ సమస్య అయితే, అన్నిటికన్నా తక్కువ మార్పుతో తీరేది దీనితోనే.

గల్ఫ్

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ఇది ఇంటింటి ముచ్చట కనుక నేను కొత్తగా చెప్పేది తక్కువ. ఇంటికి దూరం పడదని లారీ మానేసేవాడు గల్ఫ్ ఎందుకు వెళతాడో నాకు అర్థం కాదు. అప్పు తీరాలి, కూతురి పెళ్ళి కావాలి అని నాలుగేళ్లు గడువు పెట్టుకుని వెళ్ళేవాడి లెక్క వేరు.

కంపెనీ ట్రైలరు డ్రైవరు వేరు, హౌస్ డ్రైవరు వేరు. సౌదీలో, కువైట్‌లో ఇంటి డ్రైవరు ఇంటి పనివారి లెక్కలోకి వస్తాడు, కంపెనీ కార్మికులకుండే చట్టం అతనికి వర్తించదు. డ్యూటీకి వేళాపాళా ఉండకపోవచ్చు. దుబాయిలో మన లైసెన్సు నేరుగా చెల్లదు, అక్కడి టెస్టు పాసవ్వాలి. తప్పిన ప్రతిసారీ ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాసి ఉండాలి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావలసిన రకం) కిందికి వస్తుంది కాబట్టి కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో అనుమతి తీసుకునే వెళ్ళాలి. రిజిస్టరు అయిన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఇంకేమీ తీసుకోకూడదు. లక్షన్నర అడిగేవాడు, విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చనేవాడు ఎంత దగ్గరి బంధువైనా నమ్మవద్దు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, ముందు అక్కడ అడగండి. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా కాగితం ఇంట్లో ఇచ్చి వెళ్ళండి.

స్టీరింగే వద్దంటే

ఇక్కడ దారులు తక్కువ, జీతాలు ఇంకా తక్కువ. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టు నేర్చుకుంటే పని ఉంది, అది సగం స్టీరింగే అనుకోండి. డ్రైవింగ్ స్కూల్లో బోధకుడు కావాలంటే పదో తరగతితో పాటు ఐదేళ్ల అనుభవం, మోటారు మెకానిజంలో సర్టిఫికెట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లోడింగ్ సూపర్‌వైజరు పనికి లారీ దిగినవాడికన్నా తగినవాడు లేడు. ఏ ఊళ్ళో ఏ హమాలీ ఎంత అడుగుతాడో, ఏ బండికి ఏ లోడు కట్టాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీ ఓనరుతో మంచిగా ఉంటే మొదట అతన్నే అడగండి. వాచ్‌మన్ పనికి వెళ్ళేవారు మాత్రం అదీ రాత్రి మేలుకోవడమే అని మరవవద్దు. డాబా పెడదామన్న ఆలోచన ప్రతి డ్రైవరుకూ ఉంటుంది. మీకు తెలిసింది తినడం, అక్కడ కావలసింది వండించడం. ఇంట్లో వంట చేసే చేయి, రోడ్డు పక్క సొంత జాగా రెండూ ఉంటేనే ఆలోచించండి.

మానేసే ముందు

ఓనరు దగ్గర అడ్వాన్సు బాకీ ఉంటే తీర్చి, తీరినట్టు కాగితం రాయించుకోండి. ఒరిజినల్ లైసెన్సు అతని బీరువాలో ఉంటే ముందు అది చేతికి రావాలి. ఎన్నేళ్లు ఏ బండి నడిపారో అనుభవ పత్రం అదే రోజు అడగండి, కోపంగా వెళ్ళిపోయాక ఎవరూ రాసివ్వరు. మీ పేరున ఎక్కడైనా యాక్సిడెంటు కేసు నడుస్తుంటే వకీలును కలిసి అది ఏ దశలో ఉందో తెలుసుకోండి. పోలీసు వెరిఫికేషన్లో అది బయటపడుతుంది, స్కూలు వాళ్ళకు ముందే చెప్పడం మేలు. షుగరు, బీపీ, కళ్ళు పరీక్ష చేయించుకోండి. చూపు తగ్గిందని ఇప్పుడు తేలితే పైన చెప్పిన వాటిలో సగం వాటంతటవే కొట్టుడుపోతాయి.

ఏ పనిలో చేరినా హెవీ లైసెన్సును మాత్రం చావనివ్వకండి. రవాణా వాహనాల లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటిన ఏడాదిలోపు అయితే మెడికల్ సర్టిఫికెట్టు, ఫీజు, కొంత జరిమానాతో సరిపోతుంది. ఏడాది దాటితే కుర్రాళ్ళతో పాటు వరసలో నిలబడి మళ్ళీ టెస్టు ఇవ్వాలి.